నాలుగు గంటల నలభై నాలుగు నిమిషాలు

ర్యాప్ అనబడే సంగీతశాఖ మీద నాకు చాలాకాలం సదభిప్రాయం లేదు. రాగం లేని సంగీతమేమిటి, లయ ఒక్కదాన్ని పట్టుకొని మాటలు దొర్లించుకుంటూ పోవడమేమిటి అన్న చులకనభావం నాది. పైగా ఆ మాటల్లో సగం బూతులు, మిగిలిన సగం ఆత్మస్తుతి. అటువంటి నేను ఒక ర్యాప్ ఆల్బం గురించి ఇంత పొడుగు టపా వ్రాయడానికి పూనుకోవడం చదువరులకు వింతగా తోచవచ్చు. నాకూ వింతగానే ఉంది. కాని ఆ ఆల్బం నాచేత ఒక పని చేయించింది. ఎనిమిదేళ్ళకు పైగా వాయిదా వేస్తూ వచ్చిన పని అది. ఆ ఋణం కొంత తీర్చుకొందామని ఈ ప్రయత్నం.

2017 డిసెంబరులో మా మేనల్లుడు, అంటే మా అక్కయ్య కొడుకు, అమెరికానుంచి సెలవుకు వచ్చాడు. వాణ్ణి తెనాలిలో మా అక్కయ్య దగ్గర దింపి, పనిలో పనిగా మా ఊళ్ళో పాతింటి సంగతి కూడా చూసి రావాలని నేనూ బయలుదేరాను. హయత్‌నగర్ దాటగానే వాడు సంచీలోంచి ఒక సీడీ తీశాడు. లేత గోధుమరంగు అట్ట, దాని మీద "4:44" అన్న అంకెలు తప్ప మరేమీ లేవు. "మామయ్యా, ఒక్క ముప్ఫై ఆరు నిమిషాలు ఓర్చుకోండి. నచ్చకపోతే తర్వాత విజయవాడ దాకా మీ ఘంటసాలే" అన్నాడు. ఒప్పందం బాగానే ఉందనిపించింది. పది పాటలు. చౌటుప్పల్ చేరేసరికి అయిపోయాయి. నాకు మూడోవంతు కూడా అర్థం కాలేదు. కాని ఆ గొంతులో ఏదో ఉంది. ఊరేగింపులో అరిచే గొంతు కాదు అది. అర్ధరాత్రి వంటింట్లో, ఎవరూ లేవకుండా తగ్గించి మాట్లాడే గొంతు. "మళ్ళీ పెట్టరా, ఈసారి పాటపాటకూ అర్థం చెప్పు" అన్నాను. వాడు ఒక్కక్షణం నావైపు అనుమానంగా చూశాడు. ఘంటసాల ఆ రోజంతా బయటికి రానే లేదు.

జే-జీ అసలు పేరు షాన్ కార్టర్. 1969 డిసెంబరు 4న న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. అక్కడ మార్సీ హౌసెస్ అని, పేదలకోసం ప్రభుత్వం 1949లో కట్టి పూర్తిచేసిన ఇళ్ళ సముదాయం ఉంది. పెరిగింది అక్కడే. పదకొండేళ్ళ వయసులో తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. యౌవనంలో మాదకద్రవ్యాలు అమ్మాడు. ఆ సంగతి తానే దాచుకోకుండా పాటల్లో చెప్పుకొన్నాడు. రికార్డు కంపెనీలు చేరదీయకపోతే మిత్రులతో కలిసి సొంత కంపెనీ పెట్టుకొని 1996లో మొదటి ఆల్బం విడుదల చేశాడు. 2003లో ఇక చాలు, విరమిస్తున్నానని ప్రకటించాడు. 2006లో తిరిగి వచ్చాడు. (మన సినిమావాళ్ళూ రాజకీయ నాయకులూ చేసే విరమణల వంటిదే.) 4:44 వెలువడేనాటికి వయసు నలభై ఏడు, అది పదమూడవ సోలో ఆల్బం. కుర్రతనమే పెట్టుబడిగా ఉన్న కళలో నలభై ఏడంటే వార్ధక్యం కింద లెక్క.

ఒక చిత్రమైన సంగతి. ఈ మనిషి కాగితం మీద పాట వ్రాసుకోడు. చరణాలన్నీ మనసులోనే కట్టుకొని, మనసులోనే సవరించుకొని, నేరుగా మైకు ముందు నిలబడి అప్పగిస్తాడు. మేనల్లుడు ఈ మాట చెప్పగానే నాకు మన అవధానులూ, వారి ధారణా గుర్తుకు వచ్చాయి. ర్యాప్ మీద నా చులకనభావం మొదటిసారి సడలింది అక్కడే.

ఆత్మస్తుతి విషయంలోనూ మనం వారికి తీసిపోయినవాళ్ళం కాము. తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచుకోవడం దోషమని తెలిసీ ఎందుకు పెంచామో పద్యంలో చెప్పుకొన్నారు. అందులో ఉన్నది అచ్చమైన సవాలు. శ్రీనాథుడి కథ అందరికీ తెలిసినదే. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం చేయించుకొన్న కవిసార్వభౌముడు, చివరిరోజుల్లో కృష్ణాతీరాన బొడ్డుపల్లెలో గుత్తకు సేద్యం చేసి, పన్ను కట్టలేక శిక్ష అనుభవించాడని చాటువులు చెబుతాయి. ఆయన చివరి పద్యంగా ప్రచారంలో ఉన్న చాటువులో సైతం, తాను స్వర్గానికి వస్తున్నందుకు అక్కడి కవికి గుండెలదురుతున్నాయన్న ధీమాయే కనిపిస్తుంది గాని ఎక్కడా పశ్చాత్తాపం లేదు. నాకు ఆ చాటువంటే ప్రాణం. కాని ఇప్పుడాలోచిస్తే, మన సాహిత్యంలో వీరుడి చివరిమాట ఇలా మీసం మీద చేయి వేసుకొని చెప్పిందే ఎందుకయిందన్న ప్రశ్న కలుగుతుంది. పెద్దవాడై, గెలిచి, అందరూ చూస్తుండగా "నాది తప్పు" అన్నవాడి పద్యం ఏదైనా నాకు జ్ఞాపకమున్నదా అని వెతుక్కొన్నాను. భక్తిశతకాల్లో ఉన్నాయి, నిజమే. అక్కడ తప్పు ఒప్పుకొనేది దేవుడి దగ్గర. భార్య దగ్గరో, అక్కచెల్లెళ్ళ దగ్గరో కాదు.

ఇతడు చేసినది ఆ పని. అదీ తనంతట తాను కాదు; చేయించినవాడు ఒకడున్నాడు. ఆల్బం తయారీలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన భాగం ఇదే గనుక కొంచెం విస్తరించి చెబుతాను.

2016 ఏప్రిల్‌లో అతడి భార్య బియాన్సే "లెమనేడ్" అనే ఆల్బం విడుదల చేసింది. భర్త ద్రోహం, భార్య ఆక్రోశం, చివరికి ఒక రాజీ, ఇదీ అందులోని ఇతివృత్తం. పేరు చెప్పకపోయినా లోకమంతా వేలు చూపింది ఇతడివైపే. ఇతడు ఏడాదికి పైగా నోరు మెదపలేదు. ఆ సమయంలో అతడు ఆశ్రయించిన నిర్మాత పేరు నో ఐ.డి. అసలు పేరు డియాన్ విల్సన్. డియాన్ అన్న పేరును ఆంగ్లాక్షరాల్లో తిరగవ్రాస్తే వచ్చినది ఆ మారుపేరు. షికాగోవాడు. కాన్యే వెస్ట్‌కు తొలినాళ్ళ గురువు. జే-జీ అంతకుముందు ఏ ఆల్బంనూ ఒక్క నిర్మాత చేతిలో పూర్తిగా పెట్టలేదు. పాటకొక నిర్మాత, పాటకొక అతిథి గాయకుడు, అదీ అతడి పద్ధతి. ఈసారి పది పాటలూ ఒక్కడి చేతిమీదుగానే నడిచాయి.

శాంపిలింగ్ అన్న మాటకు మనవాళ్ళు సాధారణంగా చెప్పుకొనే అర్థం "పాత పాటలోంచి బాణీ ఎత్తేయడం". అది అన్యాయం. పాత రికార్డులోంచి నాలుగు సెకన్ల ముక్క కోసి, దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి, వేగం పెంచో తగ్గించో, ముక్కల వరుస మార్చో, దాని కింద కొత్త తాళం పరచడం అందులోని పని. మంచి పనివాడి చేతిలో ఆ ముక్క కేవలం చప్పుడుగా మిగలదు, సాక్ష్యమవుతుంది. నో ఐ.డి. ఏం చేశాడంటే, జే-జీ ఇంట్లో వినే ఇష్టమైన పాటల జాబితా అడిగి పుచ్చుకొన్నాడు. నీనా సిమోన్, స్టీవీ వండర్, డానీ హాథవే, ఫ్యూజీస్. ఆ పాటల్లోంచే ముక్కలు కోసి, వాటినే వాద్యాలుగా వాయించి, అతడి ముందు పెట్టాడు. మనిషిని అతడి సొంత జ్ఞాపకాల మధ్య కూర్చోబెట్టి తలుపు గడియ వేయడం వంటిది ఇది. అక్కడ కూర్చొని ఎవడైనా గొప్పలు ఎంతసేపు చెప్పగలడు?

పేరుపాట సంగతి మరీ చిత్రం. ఇంగ్లండులో హన్నా విలియమ్స్ అని ఒక గాయని ఉన్నది. తన బృందంతో 2016లో పాడిన ఒక పాటను నో ఐ.డి. తీసుకొన్నాడు. ఈ బాణీలో పడితే జే-జీ ఆ ఒక్క విషయం తప్ప మరొకటి మాట్లాడలేడని ఎంచి, కావాలనే అలా కట్టానని తరువాత చెప్పాడు. అంటే వల పన్నాడన్నమాట. జే-జీ ఇంటికి వెళ్ళి నిద్రపోయి, తెల్లవారుజామున 4 గంటల 44 నిమిషాలకు మెలకువ వచ్చి ఆ పాట కట్టాడు. ఆ వేళను మన పెద్దలు బ్రాహ్మీముహూర్తం అంటారు. చదువుకూ ధ్యానానికీ మంచిదని చెబుతారు గాని, నా అనుభవంలో ఆ వేళకు నిద్ర లేపేవి చాలావరకు చేసిన తప్పులే.

ఆ పాటలో అతడు పేరు పెట్టి తన తప్పులు చెప్పుకొంటాడు. పరస్త్రీ వ్యామోహం, భార్య దుఃఖంలో ఉన్నప్పుడు పక్కన లేకపోవడం, పిల్లలు పుట్టి ఆడపిల్ల తండ్రినైతేగాని ఆడదాని కళ్ళతో చూడలేకపోవడం. రేపు పిల్లలు పెద్దవాళ్ళై ఇదంతా తెలుసుకొన్న రోజున వాళ్ళ ముఖం ఎలా చూడాలన్న భయం. ఇవన్నీ గొంతు పెంచకుండా చెబుతాడు. వెనుక హన్నా గొంతు కేక వేస్తూంటుంది. నేను మొదట ఆ గొంతు భార్యది కాబోలనుకొన్నాను. రెండవసారి విన్నప్పుడు మేనల్లుడు సరిదిద్దాడు. ఆమె పాటలో మాట్లాడేది మోసపోయిన మనిషి కాదట. మంచిగా ఉండడం తనవల్ల కాదని ఒప్పుకొంటున్న మనిషి. అంటే ముందు నిలబడి ఇతడు క్షమాపణ చెబుతూంటే, వెనుకనుంచి ఆ గొంతు దాని మీద నమ్మకం లేదంటోంది. క్షమాపణలోని లోపాన్ని కూడా బాణీలోనే పెట్టిన ఆ నిర్మాత సామాన్యుడు కాడు.

మిగిలిన పాటలన్నిటి గురించీ చెప్పను. మొదటి పాటలో తన రంగస్థల నామాన్నే సంబోధించి, చావమంటాడు. అహంకారాన్ని ముందు చంపుకొంటేగాని తరువాతి పాటలు నోట రావన్న లెక్క కాబోలు. చిన్నతనంలో అన్నను తుపాకితో కాల్చిన సంగతి కూడా అక్కడ ఎత్తుతాడు. రెండవ పాట "ద స్టోరీ ఆఫ్ ఓ.జే." నీనా సిమోన్ 1966లో పాడిన నలుగురు నల్లజాతి స్త్రీల పాటను ముక్కలు చేసి కట్టినది. ఒంటిచాయ ఎంత తేడాగా ఉన్నా, ఎంత సంపాదించినా, లోకం కళ్ళకు మీరంతా ఒకటేనంటుంది. దాని బొమ్మల వీడియో, నల్లవారిని వెక్కిరిస్తూ ఒకప్పుడు అమెరికాలో తీసిన కార్టూన్ల ధోరణిలోనే తీసి, చూసేవాణ్ణి సిగ్గుపడేటట్లు చేస్తుంది. అందులోనే, డంబో అనే బ్రూక్లిన్ పేటలో ఒక భవనం ఇరవై లక్షల డాలర్లకు వచ్చేటప్పుడు కొనలేదే, ఇప్పుడది రెండున్నర కోట్లే అన్న వగపు కూడా వినిపిస్తుంది. ఇది విని నేను నవ్వాను. 2014లో రాజధాని ప్రకటన వచ్చినప్పుడు మా వైపు ఏ అరుగు మీద కూర్చొన్నా వినిపించిన వగపు ఇదే గదా! మేనల్లుడు నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎందుకో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

మూడవ పాట "స్మైల్" గురించి చెప్పాలి. జే-జీ తల్లి గ్లోరియా కార్టర్ నలుగురు పిల్లల తల్లి. తాను ప్రేమించేది స్త్రీలనని దశాబ్దాల తరబడి లోకానికి చెప్పుకోలేకపోయింది. కొడుక్కు తెలుసు; అయినా ఇద్దరి మధ్యా ఆ మాట ఎన్నడూ రాలేదు. ఒకరోజు ఆమె చెప్పింది. అతడు ఏడ్చాడు. ఎంత దుర్భరమైన బ్రతుకు బ్రతికావమ్మా అన్న అర్థంలో అతడేదో అంటే, దుర్భరమేమీ కాదు, వేరుగా ఉందంతే అన్నదట ఆవిడ. పాట అక్కడ పుట్టింది. ఏడ్చింది ఆమె విముక్తురాలైందన్న సంతోషంతోనని 2018లో డేవిడ్ లెటర్‌మన్‌తో ముఖాముఖిలో చెప్పాడు. పాట చివర తల్లి తన గొంతుతోనే తన కవిత చదువుతుంది. స్టీవీ వండర్ పాట ముక్క కింద మెల్లగా తిరుగుతూంటుంది. ఆ ఒక్కచోట కొడుకు పూర్తిగా తప్పుకొని, తల్లికి మైకు వదిలేశాడు. ఇంత పేరున్న మగవాడు పక్కకు తప్పుకొని నిలబడడం, అదీ ఈ కళలో, చిన్న విషయంగా నాకు తోచలేదు.

చివరి పాట పేరు "లెగసీ", అంటే వారసత్వం. మొదట్లో ఒక చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది. అతడి పెద్దకూతురు బ్లూ ఐవీ, అప్పటికి ఐదేళ్ళు. వీలునామా అంటే ఏమిటని తండ్రిని అడుగుతుంది. దానికి జవాబే ఆ పాట. ఎవరికి ఏమిస్తున్నాడో చెబుతూ చెబుతూ, తండ్రి, తాతల కాలంనాటి కుటుంబ రహస్యాలకు కూడా వెళ్ళివస్తాడు. వారసత్వమంటే ఆస్తి ఒక్కటే కాదు, దాచిపెట్టిన తప్పులు కూడా వరుసగా చేతులు మారతాయని.

రెండవసారి ఈ పాట ముగిసేసరికి మేము నకిరేకల్ దాటాము. మేనల్లుడు సీడీ ఆపి, మామూలుగా అడిగాడు: "మామయ్యా, తాతయ్య విల్లు వ్రాయలేదు కదా?"

"లేదురా" అన్నాను.

వాడు మరేమీ అనలేదు. వాడికి తెలుసని అప్పుడు అర్థమయింది.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. మా నాన్నగారు 2008లో పోయారు. వీలునామా వ్రాయలేదు. ఉన్నది ఊళ్ళో ఇల్లు, దాని పక్క ఖాళీస్థలం, ఎకరంన్నర పొలం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కొడుకుకెంతో కూతురికీ అంతే. ఇది నాకు తెలుసు. అక్కయ్యకు తెలుసో లేదో నేను అడగలేదు. 2009 ఆగస్టులో ఒకనాడు ఆమెను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసికెళ్ళి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకొన్నాను. "కాగితాలు ఒకరి పేరిట ఉంటే పని సులువక్కా" అన్నాను. పెళ్ళికి కట్నమిచ్చాం గదా అన్న సమాధానం మనసులో సిద్ధంగా పెట్టుకొన్నాను. ఆమె అడిగితే చెబుదామని. ఆమె అడగలేదు. ఐదేళ్ళకు రాజధాని ప్రకటన వచ్చి మా వైపు భూమి ధర ఎక్కడికో పోయింది. ఆ ఏడు రాఖీకి అక్కయ్య ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే గోంగూర పచ్చడి తెచ్చింది. ఎప్పటిలాగే ఉండడం నాకు మాత్రం అప్పటినుంచి రాలేదు. ఆమె ఫోను చేస్తే పనిలో ఉన్నానని రెండు ముక్కల్లో ముగించేవాణ్ణి. ఆమె నన్నేమీ అనలేదన్న కోపంతో ఆమెకు దూరమయ్యానంటే నమ్ముతారో లేదో.

ఆ రాత్రి తెనాలిలో అక్కయ్య వడ్డించిన అన్నం తింటూ నేను ఈ సంగతేమీ ఎత్తలేదు. ఇంటికి తిరిగి వచ్చాక ఆల్బం గురించి దొరికినదంతా చదివాను. తప్పించుకొనేవాడు చదువులో పడతాడు, అది నా పాత రోగం.

లోకం దీన్ని ఎలా స్వీకరించిందన్నదీ ఒక కథే. 2017 జూన్ 30న విడుదలైనప్పుడు దీన్ని అందరూ వినడానికి వీలులేకపోయింది. జే-జీ 2015లో టైడల్ అనే సంగీత ప్రసార సంస్థను కొన్నాడు; దాని చందాదారులకూ, స్ప్రింట్ అనే టెలిఫోను కంపెనీ ఖాతాదారులకూ మాత్రమే మొదటి వారం దొరికింది. స్ప్రింట్ వాటా కలిసివచ్చి ఐదారు రోజుల్లోనే పది లక్షల ప్లాటినం గుర్తింపు వచ్చేసింది. ఆ తరువాత బయట దుకాణాల్లోకి రాగానే 2,62,000 ప్రతులకు సమానమైన లెక్కతో బిల్‌బోర్డు పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అతడికది పద్నాలుగవ ప్రథమస్థానం. అప్పటికి అతడికంటే ముందున్నది పంతొమ్మిదితో బీటిల్స్ ఒక్కరే. భార్యకు చెప్పే క్షమాపణ వినాలన్నా చందా కట్టాలా అని విసుక్కొన్నవాళ్ళున్నారు. నేను కూడా ఆ విసుగుకు కొంత ఓటు వేస్తాను. పాపం ఒప్పుకోవడం కూడా వ్యాపారమైతే, ఆ ఒప్పుకోలులో ఎంత నిజం, ఎంత సరుకు? ముందు భార్య ఆక్రోశం, తరువాత భర్త పశ్చాత్తాపం, 2018లో ఇద్దరూ కలిసి మూడవ ఆల్బం. లెక్క మరీ చక్కగా కుదిరింది.

విమర్శకులు మాత్రం అధికభాగం మెచ్చుకొన్నారు. వయసు దాచుకోకుండా వయసుకు తగినట్లు పాడిన మొదటి పెద్ద ర్యాపరు ఇతడేనన్నట్లు వ్రాసినవారున్నారు. ఆడవాళ్ళలో కొందరు, కనీస మర్యాదకు ఇంత చప్పట్లా అన్నారు. ఆ మాటలో న్యాయముంది. ఓ.జే. పాటలో యూదుల ఆస్తుల గురించి అన్న ఒక మాట మీద, ఉద్దేశం చెడ్డది కాకపోయినా అపోహలకు ఊతమిస్తుందని యాంటీ డిఫమేషన్ లీగ్ అభ్యంతరం చెప్పింది. నల్లవారి మీద వేసే ముద్రలను నేనే ఆ పాటలో పెద్దవి చేసి చూపాను, ఇదీ అటువంటిదే అన్నాడతడు. నాకా జవాబు చాలినట్లు అనిపించలేదు. వ్యంగ్యమని తరువాత చెప్పుకోవలసి వచ్చిన వ్యంగ్యం ఎక్కడో గురి తప్పినట్లే. ఆస్తులు కూడబెట్టడమే జాతి విముక్తి అన్నట్లున్న ఆ పాట వాదన కూడా నాకు పూర్తిగా మింగుడు పడలేదు. అందరికీ డంబోలో భవనాలు దొరకవు గదా.

గ్రామీ బహుమతులకు ఎనిమిది విభాగాల్లో నామినేషన్లు వచ్చాయి. ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ అవే. 2018 జనవరి 28న, అతడి సొంత ఊరు న్యూయార్కులోనే ఉత్సవం. ఒక్కటీ రాలేదు. ఏటి మేటి ఆల్బం, పాట, రికార్డు మూడూ బ్రూనో మార్స్‌కు వెళ్ళాయి. ర్యాప్ విభాగంలో మేటి ఆల్బం కెండ్రిక్ లమార్‌కు వెళ్ళింది. కెండ్రిక్‌కు రావడంలో అన్యాయమేమీ లేదు; అదే ఆల్బంకు కొద్ది నెలల్లో పులిట్జరు కూడా వచ్చింది. ఓడినవాడు మెత్తబడ్డాడనుకొంటే పొరపాటు. 2024లో గ్రామీలవాళ్ళు పిలిచి ప్రత్యేక పురస్కారమిస్తే, పెద్దకూతుర్ని పక్కన నిలబెట్టుకొని, మీరు బియాన్సేకు అన్ని బహుమతులిచ్చారు గాని ఏటి మేటి ఆల్బం ఎందుకివ్వలేదని వేదిక మీదే నిలదీశాడు. తన ఎనిమిది సున్నాల మాట కాదు, భార్య మాట. 2025లో ఆమెకు ఆ బహుమతి వచ్చింది. 2017లో అతడు చెప్పిన క్షమాపణలో సరుకెంతో నిజమెంతో అన్న నా అనుమానం, 2024 నాటి ఆ నాలుగు నిమిషాలు చూశాక కొంత మెత్తబడింది. పూర్తిగా పోలేదు.

నా సంగతికి వస్తాను. 2018 సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. గడియారం చూస్తే నాలుగున్నర. 4:44 అయివుంటే టపాకు అందంగా ఉండేది గాని, కాలేదు. లేచి అక్కయ్యకు ఉత్తరం వ్రాయడానికి కూర్చొన్నాను. మొదటిసారి నాలుగు పుటలు వచ్చింది. చదివి చూస్తే మూడున్నర పుటలు సంజాయిషీలే: అప్పట్లో నా ఇబ్బందులు, బ్యాంకు ఋణం, పిల్లల చదువులు, కట్నం, నాన్నగారి వైద్యం. అవన్నీ కొట్టివేశాను. మిగిలింది పది వాక్యాలు. ఆ రోజు నీకు తెలిసినదానికంటే నాకు ఎక్కువ తెలుసు, అయినా చెప్పలేదు, అది మోసం, సగం నీ పేరిట వ్రాసిస్తాను, కాగితాలకు ఎప్పుడు రమ్మంటావు. ఇంతే. దాన్ని కూడా పెట్టెలో వేసే ముందు రెండు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను.

ఐదో రోజున ఫోను వచ్చింది. మామూలు కుశలప్రశ్నలు. మోకాళ్ళ నొప్పి, బావగారి చక్కెర, అబ్బాయి తిరిగి అమెరికా చేరాడన్న కబురు. ఉత్తరం అందిందా అని అడగడానికి నాకు నోరు రావడంలేదు. ఫోను పెట్టేస్తుందేమోననుకొంటున్నంతలో ఆమే అన్నది:

"ఒరేయ్, ఆ రోజు రిజిస్ట్రారాఫీసులో నువ్విచ్చిన పెన్ను సరిగ్గా రాయలేదు, జ్ఞాపకముందా? రెండుసార్లు గీసినా సిరా పడలేదు. చివరికి నా సంచీలోంచి నా పెన్ను తీసుకొని పెట్టాను సంతకం."

"జ్ఞాపకం లేదక్కా" అన్నాను.

"నాకుంది" అన్నది. కొంచెం ఆగి, "వచ్చే గురువారం రా. మంచిరోజు. ఈసారి నీ పెన్ను తెచ్చుకో."